వేపమాను కొట్టిద్దామని పిలిస్తే

"మాను ఊరికే కొట్టిచ్చేస్తాం సార్, మీరు ఒక్క రూపాయి ఇయ్యాల్సిన పన్లేదు, మేమే ఎదురు మూడు వేలు ఇస్తాం" అన్నాడు చెట్లు కొట్టే ఒకాయన. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చెట్టు కొట్టించాలంటే ఎంత అడుగుతారో అని వారం రోజులుగా లెక్కలేసుకుంటున్నా మరి. ఆయన నంబరు ఫోన్లో "చెట్టు ఫ్రీ" అని సేవ్ చేసుకున్నా.

మాది కడప. ఊరికి దక్షిణాన పాలకొండల వైపు పోయే దారిలో, మా నాయన కట్టించిన ఇల్లు. ఇంటి ముందర రెండు చెట్లు. ఒకటి వేప, ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్నది, ఇంటి మీదికి బాగా వంగి ఉంటుంది. రెండోది తురాయి, నాయన నాటింది, నిటారుగా గొడుగులాగా ఉండేది, మే నెలలో పూసిందంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకునేవాళ్లు. ఈ రెండింటిలో ఏది ప్రమాదమో చెప్పమంటే ఎవరైనా వేపనే చూపిస్తారు. నేనూ అదే అనుకున్నా.

కడపలో వాన ఎక్కడుంది అనుకోవద్దు. ఏడాదికి పడేది 700 మిల్లీమీటర్ల లెక్కే అయినా, మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వారం గుర్తుందా, ఆ వారం ఇక్కడ బుగ్గవంక పొంగితే మా వీధి కుర్రాళ్లంతా రాత్రంతా మేలుకునే ఉన్నారు. కొండ నుంచి దిగే నీళ్లు మా వీధి గుండానే పోతాయి. ఎండాకాలమంతా ఇటుకలాగా ఉండే నేల, నాలుగు రోజులు నానిందంటే కాలు పెడితే దిగబడుతుంది. ఇక ఆ పైన గాలి.

పోయిన అక్టోబరు మొదటి పెద్ద వానకు తురాయి కొమ్మ ఒకటి విరిగి పక్కింటాయన రేకుల షెడ్డు మీద పడింది. షెడ్డు సొట్టపోయింది, ఆయన స్కూటర్ అద్దం పగిలింది. ఆయన మంచాయనే గానీ ఆ రోజు మాత్రం గోడ మీద నుంచి గంటసేపు మాట్లాడాడు. తురాయి కొమ్మలు విరగడం మామూలే, దాని కట్టె పెళుసు అని అందరికీ తెలిసిందే, కొమ్మలు కొంచెం తీయిస్తే సరిపోతుంది అనుకున్నాం. నాకు అసలు భయం వేప మీద. ఈ కొమ్మే ఇంత పని చేస్తే, ఆ వంగిన మాను మా పడకగది మీద పడితే ఏంటి గతి అని. రాత్రి గాలి లేస్తే పిల్లల్ని హాల్లో పడుకోబెట్టేవాళ్లం.

అమ్మ కూడా వేపను కొట్టేయమనే అంది. వేపచెట్టు అమ్మవారు, ముట్టుకోకూడదు అంటుందేమో అనుకున్నా, అదేం లేదు. "ముప్పై ఏండ్లుగా దాని ఆకు ఊడ్చి ఊడ్చి నా నడుం పోయింది, కొట్టించు పో" అంది. తురాయి జోలికి మాత్రం పోవద్దంది. అది నాయన నాటిన చెట్టు.

అదీ పరిస్థితి. ఊరికే కొట్టిస్తానన్న మనిషి వచ్చి వేప చుట్టూ ఒకసారి తిరిగి, మాను చుట్టుకొలత టేపుతో కొలిచి, "డేంజర్ సార్, ఈ తుఫానుకు ఆగదు" అన్నాడు. తురాయి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన మానును టేపుతో ఎందుకు కొలిచాడో నాకు అప్పుడు తట్టలేదు, ప్రమాదం ఎంతో కొలుస్తున్నాడు అనుకున్నా!

పర్మిషన్ సంగతి అడిగితే "అవన్నీ ఏం పట్టించుకోవద్దు, ఆదివారం పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి ఖాళీ చేస్తాం" అన్నాడు. అక్కడ కొంచెం అనుమానం వచ్చింది. మా తోడల్లుడు ఊరిబయట స్థలంలో చెట్లు కొట్టించి ఇబ్బంది పడ్డాడు, వాల్టా అనే మాట ఆయన నోట విన్నదే. 2002లో వచ్చిన చట్టం అది, నీరు, భూమి, చెట్లు మూడింటికీ కలిపి చేశారు. మన కాంపౌండులో మనం నాటిన చెట్టయినా సరే అనుమతి తీసుకునే కొట్టాలి. కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి, మనది అందులోకి వస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి. (మా కొండల్లో ఉండే ఎర్రచందనం అయితే అది పూర్తిగా వేరే కథ, పెరట్లో ఒక్క మొక్క ఉన్నా అటవీ శాఖను అడక్కుండా గొడ్డలి పెట్టొద్దు.)

సరే అని వార్డు సచివాలయానికి పోయి అడిగితే అర్జీ ఎలా రాయాలో చెప్పారు. చెట్టు ఫొటోలు, ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఎందుకు కొట్టాలో కారణం. కారణం దగ్గర "వంగి ఉన్నది, ఇంటి మీద పడే అవకాశం ఉన్నది" అని వేప గురించే రాశా. ఆ కాగితం అక్కడి నుంచి ఇంకో ఆఫీసుకు పోయింది, అక్కడ కూర్చుంది. మూడుసార్లు తిరిగా. ఒకసారి సారు క్యాంపు, ఒకసారి సర్వర్ డౌన్, ఒకసారి భోజనం టైము. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు, మీరంతా చూసిందే.

ఈ తిరుగుడులో ఒక మంచి జరిగింది. కరెంటు తీగల సంగతి మాట్లాడదామని మా వీధి లైన్‌మన్ దగ్గరికి పోతే, ఆయన నా మాటంతా విని, "కొట్టడానికి ముందు ఒకసారి ఫలానా మేస్త్రికి చూపించండన్నా, మా లైన్ల కింద కొమ్మలు తీసే పని ఆయనకు బాగా తెలుసు" అన్నాడు. ఆ మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. ఒకప్పుడు చింతమాన్లు ఎక్కి కాయ రాల్చే పనికి పోయేవాడంట, ఇప్పుడు ఎక్కడు, కింద నిలబడి చెప్తాడు, కుర్రాళ్లు ఎక్కుతారు.

వచ్చీరాగానే చెట్టు దగ్గరికి రాలేదు. రోడ్డు అవతల అరుగు మీద కూర్చుని రెండు చెట్లనూ చాలాసేపు చూశాడు. నాకు విసుగొచ్చి టీ ఇచ్చా. తర్వాత వేప దగ్గరికి వచ్చి అన్నాడు, "ఇది చిన్నప్పుడే వెలుతురు కోసం వంగింది సామీ, చూడు, పైకి పోయేకొద్దీ మళ్లీ నిక్కి నిలబడింది. నిన్న మొన్న వంగిన మాను అట్లుండదు, మొదలు నుంచి కొస దాకా కర్రలాగా ఒరిగి ఉంటుంది, వెనకపక్క నేల నెర్రె ఇచ్చి ఉంటుంది." నేను పోయి వెనకపక్క చూశా, నెర్రె ఏం లేదు. గొడ్డలి తిరగేసి మాను మీద నాలుగు వైపులా తట్టాడు, ఠంగ్ ఠంగ్ మని గట్టిగా పలికింది.

"దీన్నెందుకు కొట్టాలనుకున్నావు? ఎవరన్నా కట్టెకు అడిగినారా?"

ఎదురు మూడు వేలు ఇస్తానన్నారని చెప్పా. నవ్వాడు. ఈ లావు వేపమాను సామిల్లుకు పోతే ఎంత పలుకుతుందో ఆయన చెప్పిన లెక్క విని నాకు నోట మాట రాలేదు. గడపలకు, తలుపులకు వేప అంటే ఎగబడి కొంటారు, చెద అంత తొందరగా పట్టదు కదా. తురాయి కట్టెను అడిగేవాడు లేడు. టేపు వేప చుట్టూ ఎందుకు తిరిగిందో అప్పటికి నా బుర్రకు ఎక్కింది.

తర్వాత ఆయన తురాయి దగ్గరికి పోయాడు, గొడ్డలి వెనకవైపుతో ఒక్క దెబ్బ. డబ్ మని పలికింది. ఖాళీ డ్రమ్ము కొట్టినట్టే. మళ్లీ ఇంకోవైపు, అదే శబ్దం. "ఈ బండ ఎవరు పరిపించినారు?" అన్నాడు.

నేనే. ఆరేళ్ల కిందట ముందర బురద అవుతోందని, చక్కగా ఉంటుందని, మాను మొదలుకు ఆనుకొనేటట్టు కడప బండలు పరిపించి సందుల్లో సిమెంటు పూయించా. పరిచేటప్పుడు అడ్డమొచ్చిన రెండు లావు వేర్లను బండలు పరిచే మేస్త్రి గొడ్డలితో తెంచేశాడు కూడా, నేను అక్కడే నిలబడి చూశా. మొదలు దగ్గర ఉన్న బండ ఒకటి గడ్డపారతో లేపితే కింద నేల నల్లగా పులిసిపోయి ఉంది, వేరు చేత్తో పట్టుకుంటే తడిసిన అట్టముక్కలాగా వచ్చేసింది. గోడ వైపు, మనకు కనపడని పక్క, మానుకు అంటుకొని రెండు చేతుల వెడల్పున ఒక పుట్టగొడుగు, ఎర్రమట్టి రంగు, పైన వార్నిష్ పూసినట్టు మెరుపు, అంచు తెల్లగా. హార్టికల్చర్ చదివిన స్నేహితుడికి ఫొటో పంపితే గానోడెర్మా అనే శిలీంధ్రం అన్నాడు. కొబ్బరి తోటలు ఉన్నవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు. తెగిన వేర్ల నుంచి, దెబ్బ తిన్న మొదలు నుంచి లోపలికి పోయి కట్టెను మెత్తబరుస్తుంది, పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, పూలు పూస్తూనే ఉంటాయి, గొడుగు బయటికి కనిపించేసరికి లోపల ఎప్పుడో అయిపోయి ఉంటుంది, మందు కొట్టి బాగుచేసే దశ కాదు అన్నాడు.

అమ్మకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెప్పాక తనే వచ్చి బండ తీసిన గుంతలోకి చూసింది, ఏమీ అనలేదు. బండలు పరిపించిన రోజు కూడా వద్దు అన్నది తనే.

అర్జీ మళ్లీ రాయాల్సి వచ్చింది, వేప అన్న మాట తీసేసి తురాయి అని. ఈసారి గొడుగు ఫొటో పెట్టా, మనిషి వచ్చి చూసుకుని పోయాడు, మొత్తం మీద 19 రోజులకు కాగితం చేతికొచ్చింది, బదులుగా రెండు మొక్కలు నాటాలి అన్న షరతుతో. ఆ 19 రోజుల్లో రెండుసార్లు అల్పపీడనం అన్నారు టీవీలో. వేపను చూసి భయపడిన రాత్రులన్నీ ఇప్పుడు తురాయిని చూసి భయపడ్డా. పక్కింటాయన్ను స్కూటర్ వేరేచోట పెట్టుకోమని బతిమాలా.

కొట్టే రోజు గురించి వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. తురాయి కొమ్మల మధ్య నుంచి కరెంటు తీగలు పోతున్నాయి. అర్జీ ఇచ్చి లైన్ క్లియర్ తీసుకున్నాం, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. లైన్‌మన్ వచ్చి సప్లయ్ ఆపి, ఎర్తింగ్ వేసి, ఇక ఎక్కండి అనేదాకా మేస్త్రి ఒక్క కుర్రాడిని కూడా నిచ్చెన మీద కాలు పెట్టనివ్వలేదు. వీధిలో కరెంటు పోయిందని ఎక్కేసే వాళ్లను చూశాను నేను, అది ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు!

రెండో సమస్య, పుచ్చిన మానుకు తాడు కట్టుకుని ఎక్కితే మానుతో పాటు మనిషీ పడతాడు. మరి ఎక్కడ కట్టాలి? మేస్త్రి చేత్తో వేపను చూపించాడు. పన్నెండడుగుల దూరంలో ఉంది అది, పై పంగ మంచి బలంగా ఉంది. కుర్రాడు వేప ఎక్కి, అక్కడ తన బెల్టు తాడు బిగించుకుని, అక్కడి నుంచి తురాయి వైపుకు వాలాడు. కోసే ప్రతి కొమ్మకూ ఇంకో మోకు కట్టి, ఆ మోకును కూడా వేప పంగలో నుంచి కిందికి తెచ్చి, మానుకు రెండు చుట్లు తిప్పి పట్టుకున్నారు. కొమ్మ తెగగానే ఊగుకుంటూ వచ్చి మెల్లగా నేలకు దిగింది. రేకుల షెడ్డు మీద ఆకు కూడా రాలలేదంటే నమ్మండి. నేను మూడు వేలకు అమ్ముదామనుకున్న మానే ఆ రోజు క్రేన్ పని చేసింది.

పన్నెండున్నరకు చినుకులు మొదలయ్యాయి. బెరడు తడిస్తే కాలు జారుతుంది, ఆపేశారు. కొమ్మలన్నీ దిగాయి, పదిహేనడుగుల మొండిమాను మాత్రం మిగిలింది. పైన బరువు లేదు కాబట్టి ఇక గాలికి భయం లేదు అన్నాడు మేస్త్రి, నాకైతే ఆ రాత్రి కూడా నిద్ర పట్టలేదు. మర్నాడు మిషన్ రంపంతో ముక్కలు కోస్తుంటే చూశాం, నడిమధ్య అంతా పొట్టు, చుట్టూ నాలుగు వేళ్ల మందం కట్టె, అంతే. దాని మీదనే అంత చెట్టు నిలబడింది.

వేపకు మూడు కొమ్మలు మాత్రమే తీశారు, ఒకటి ఎండిపోయింది, రెండు ఇంటి కప్పును రాసుకునేవి. నేను పైభాగం మొత్తం నరికేయమన్నా, అందరూ అలాగే చేయిస్తారు కదా. మేస్త్రి ఒప్పుకోలేదు. తల నరికితే కోసిన చోట గుంపుగా కొత్త కొమ్మలు లేస్తాయి, అవి మానులో లోతుగా పట్టు లేకుండా పైపైన అంటుకుని ఉంటాయి, నాలుగేళ్లకు అవే విరిగి పడతాయి అన్నాడు. కొమ్మ తీసే పద్ధతి కూడా చూపించాడు. ముందు కింది నుంచి కొంచెం కోస్తారు, తర్వాత దానికి కాస్త అవతలగా పైనుంచి, అప్పుడు బెరడు మాను దాకా చీల్చుకోకుండా కొమ్మ తెగిపడుతుంది. మిగిలిన మొండిని చివర్లో, మాను దగ్గర ఉబ్బినట్టు ఉండే మెడ పోకుండా దాని బయట కోస్తారు. పెయింట్ పూయనా అంటే వద్దన్నాడు, మానుకు ఆరోగ్యం ఉంటే అదే మూసుకుంటుందంట. 2021 చివర్లో ఊళ్లలో వేపలన్నీ కొసలు మాడి ఎండిపోయినట్టు అయినప్పుడు మాది కూడా సగం మాడింది, తర్వాత మళ్లీ చిగురేసింది. ఆ చెట్టు మీద అప్పటి నుంచే కొంచెం నమ్మకం ఉండాల్సింది నాకు.

ఖర్చు అడుగుతారు కాబట్టి, రెండు రోజులకు నలుగురు మనుషులకు, మిషన్‌తో కలిపి 11,000. కట్టె ఎత్తుకుపోయిన ట్రాక్టర్ 1,500. తీసిన బండలు వేప మొదలుకు నాలుగడుగులు వదిలిపెట్టి మళ్లీ పరిపించడానికి 2,000. మొత్తం 14,500, ఎదురు మూడు వేలు వచ్చే బదులు. తురాయి మొద్దును వేర్లతో సహా తవ్వించి, గుంత ఎండకు వదిలేశాం, ఆ చోట వెంటనే ఏదీ నాటొద్దన్నాడు మా స్నేహితుడు. రెండు కానుగ మొక్కలు గేటు అవతలి వైపు పెట్టాం, ఒకదాన్ని మేక తినేసింది, మళ్లీ పెట్టాలి.

"చెట్టు ఫ్రీ" జనవరిలో ఫోన్ చేశాడు, ఐదు వేలు ఇస్తానని.

పక్కింటాయన రేకుల షెడ్డు మీద ఇప్పుడు మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతోంది. మొన్న గోడ మీద నుంచి తల పెట్టి, వేప కొమ్మ ఒకటి ఇటువైపు వదలకూడదా అన్నా, స్కూటర్ సీటు కాలిపోతోంది అన్నాడు.