పిన్ని పోసిన నీళ్లు

పడుకుందామంటే పిన్ని మీద కోపం చల్లారడం లేదు.

తమ్ముడికి ఓసీడీ, అంటే ఒక భయం వదలక చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. వాడికది చేతులు కడగడం. భయపడే పని కావాలని చేసి, కడగకుండా ఆగడమే దీనికి వైద్యం. ఈ రోజు వాడి అభ్యాసం బస్సు. బెంగళూరులో జయనగర్ నుంచి మెజెస్టిక్ దాకా కమ్మీ పట్టుకుని నిలబడి వెళ్లాలి, ఇంటికొచ్చాక చేతులు కడగకుండా కూర్చోవాలి. ఆరాటం ఎంత ఉందో 0 నుంచి 100 లోపు అంకె వేసుకుంటాడు. గడప దాటేసరికి 80. చెమటలు పడుతున్నా కుర్చీలోంచి లేవలేదు. 70కి దిగింది. సరిగ్గా అప్పుడే పిన్ని చెంబుతో నీళ్లు తెచ్చి, "పిల్లవాణ్ని ఇలా హింస పెడతారా? కడుక్కో నాయనా" అంటూ పోసేసింది.

ఇక వాడు కుళాయి దగ్గర నుంచి కదల్లేదు.

ఓసీడీలో కడిగితే భయం వెంటనే తగ్గుతుంది, చిక్కంతా అక్కడే. కడిగాను కాబట్టే గండం తప్పిందని మనసు నమ్మేస్తుంది, మరోసారి ఇంకా గట్టిగా కడగమంటుంది. ఆగితేనే కదా, ఏమీ కాలేదనీ, ఆ ఆరాటాన్ని ఓర్చుకోగలననీ దానికి తెలిసేది! 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగులకు ఈ వైద్యం చేసి ప్రకటించాడు. అప్పుడు కడగకుండా చూడడానికి నర్సులు కాపలా ఉండేవారట. ఇప్పుడు అలా బలవంతంగా ఆపరు. ఆగాలన్న నిర్ణయం రోగిదే. మావాడు అంత కష్టపడి తీసుకున్న నిర్ణయాన్ని పిన్ని లాగేసుకుంది. పైగా ఇక్కడి మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో దీనికోసమే ప్రత్యేకంగా క్లినిక్ ఉందని చెబితే, "పిచ్చాసుపత్రికా?" అంది. ఆ మాట వాడు విన్నాడు.

"మా అమ్మ మడి కట్టుకోలేదా? అదీ జబ్బేనా?" అని కూడా అడిగింది. అవును, అదీ ఇదే, అప్పట్లో ఎవరూ పేరు పెట్టలేదంతే అనుకున్నాను. అమ్మమ్మ దండెం మీది మడిచీరను కర్రతో అందుకునేది. మేం పొరపాటున తగిలితే చలిలో కూడా మళ్లీ స్నానం చేసేది. తిట్లు సరేసరి. వంటింటి గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం.

రాస్తుంటే మాత్రం రెండూ ఒకటి కావనిపిస్తోంది. నైవేద్యం, భోజనం అయ్యాక అమ్మమ్మ మామూలు చీర కట్టుకుని, మట్టికాళ్లతో వచ్చిన మమ్మల్ని ఒళ్లోకి లాక్కునేది. అంతటితో ఆ రోజుకు మడి పూర్తయినట్టే, ఆవిడ మనసు నిమ్మళం. తమ్ముడికి కడగడం ఎక్కడ పూర్తయిందో తెలియదు. చర్మం పగిలినా తెలియదు.

పిన్ని ఆ ఇంట్లో పెరిగిన మనిషి. శుభ్రమంటే ఆవిడకు ప్రేమే. చెమటలు కక్కుతున్న పిల్లవాణ్ని చూస్తూ ఊరుకోలేకపోయింది. ఆసుపత్రి గురించి అన్న మాటను మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

రాత్రి భోజనాల దగ్గర తమ్ముడే అన్నాడు: "అక్కా, రేపు మళ్లీ బస్సెక్కుతాను. పిన్నినీ తీసుకెళ్దాం, దారిలో నేనే చెబుతాను." ఎంత సంతోషం వేసిందో! తిరిగొచ్చాక వాడి పక్కన ఊరికే కూర్చోవడం ఆవిడా నేర్చుకోవాలి మరి. పిన్నికి కిటికీ పక్క సీటు చూడాలి, లేకపోతే కడుపులో తిప్పుతుంది.