బాంజోతో మొదలుపెట్టి బ్లేడుకొచ్చాం

మధురవాడలో మా మేడ మీది హాలును మూడు గదులు చేసి అద్దెకిద్దామని జిప్సం బోర్డు గోడలు రెండు కట్టించాను. ఛానెళ్లు (బోర్డులు బిగించే రేకు చట్రం), స్క్రూలు రెండు రోజుల్లో అయిపోయాయి. పేచీ అంతా జాయింట్ల దగ్గరే, అంటే బోర్డులు కలిసేచోట టేపు అంటించి పూడ్చే దగ్గరే వచ్చింది.

మా మేస్త్రి కాంపౌండ్‌ను (జాయింట్లు పూడ్చే ముద్దను) వెడల్పాటి రేకు బ్లేడుతో చేత్తోనే పూసే మనిషి. దుబాయ్‌లో ఇదే పని చేసొచ్చిన మా బావమరిది మాత్రం "బావా, బాంజో ఉండగా బ్లేడెందుకు?" అంటూ ఒక డబ్బా పట్టుకొచ్చాడు. నిజంగా వాయిద్యంలాగే ఉంది. వెనక పేపర్ టేపు చుట్ట, ముందు కాంపౌండ్ పోసే గది. టేపు లాగితే కాంపౌండ్ పూసుకుని బయటికొస్తుంది, గోడకు అంటించుకుంటూ పోవడమే.

నేను తెచ్చింది కాంపౌండ్ పౌడరు బస్తా. నీళ్లు కలిపిన గంటలో గట్టిపడే రకం. అదే బాంజోలో పోశాం. ఒక్క జాయింటు వేసి, టీ తాగి, కబుర్లాడి వచ్చేసరికి లోపల రాయైపోయింది. బావమరిది స్క్రూడ్రైవరుతో గోకుతూ కూర్చుంటే మేస్త్రి, "ఏం బాబూ, వాయిద్యం పలకట్లేదా?" అన్నాడు.

మళ్లీ షాపుకెళ్లి ముందే కలిపి అమ్మే రెడీమిక్స్ కాంపౌండ్ బకెట్ తెచ్చాను. ఇది నీరు ఆరితేనే గట్టిపడుతుంది కాబట్టి డబ్బాలో గడ్డకట్టదు. బ్లేడుకు ఇడ్లీ పిండిలా ఉన్నా చాలు, బాంజోకు దోసెల పిండిలా పలచన చేయాలి. మిగిలిన పౌడరుతో మేస్త్రి బోర్డుల మధ్య సందులు పూడ్చేశాడు.

పొడవు జాయింట్లలో బాంజో పరుగే పరుగు. అక్కడ బోర్డు అంచు కాస్త పల్చగా ఉంటుంది, టేపు అందులో కూర్చుంటుంది. కానీ టేపు వేశాక బ్లేడుతో నొక్కి, అదనపు కాంపౌండ్ లాగేయక తప్పదు. ఆ పని బాంజో చేయదు. ఇక బోర్డు పొట్టి అంచులు కలిసేచోట పల్లం ఉండదు, టేపు ఉబ్బుగా కనిపిస్తుంది. దాన్ని అడుగు పైగా వెడల్పున పలచగా సాగదీసి కళ్లను మోసం చేయడం మేస్త్రి చేతికే తెలిసింది. మూలలూ ఆయనకే వదిలేశాం.

జులై నెల, సముద్రపు గాలి. మొదటి కోటు మర్నాటికి కూడా వేలికి చల్లగా తగిలింది. ఒకటో తారీఖుకు అద్దెకొస్తామన్నవాళ్లుండటంతో నాకు టెన్షన్. అయినా ఆగాం. ఆరాక గోడ తడుతూ వెళ్తే రెండు చోట్ల డొల్ల చప్పుడు, రెండూ బాంజో వేసినవే. అక్కడ టేపు కోసి, కింద కాంపౌండ్ పెట్టి మళ్లీ అంటించాం. తర్వాత మరో రెండు కోట్లు, ఒక్కోటీ కిందటిదానికంటే వెడల్పుగా, ఆపైన ఎమెరీ పేపరు.

ఆఫీసు ఫ్లోరు మొత్తం చేయాల్సొస్తే బాంజో తీసుకుంటాను. రెండు గోడలకైతే మళ్లీ ముట్టుకోను. టేపు వేసిన సాయంత్రం బావమరిది కుళాయి దగ్గర కూర్చుని అరగంటసేపు దాని మూలమూలలూ కడిగాడు. మేస్త్రి అప్పటికే బ్లేడు గుడ్డతో తుడిచేసి, చొక్కా మార్చుకుని కొమ్మాది ఆటో ఎక్కేశాడు.