పన్నెండు సమాధులు, ఒక చెరువు

బారాషహీద్ దర్గాకి రొట్టెల పండగ రోజుల్లో పోతే జనం కనపడతారు గానీ సమాధులు కనపడవు. అందుకే నేను పండగ ముగిసిన రెండో రోజు పొద్దున్నే నెల్లూరులో దిగాను. స్టేషన్ బయట ఆటో ఎక్కి ‘బారాషహీద్’ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. దర్గామిట్టకి ఆ పేరు వచ్చింది ఈ దర్గా వల్లే. బారా అంటే పన్నెండు, షహీద్ అంటే అమరుడు. స్వర్ణాల చెరువు గట్టు మీద ఒకే ప్రాంగణంలో పన్నెండు సమాధులు.

నేను వెళ్లేసరికి బారికేడ్ల సరుగుడు కర్రలు ఊడదీస్తున్నారు. సమాధుల మీద చాదర్లు, వాడిన పూలు. పూసిన గంధం ఎండిపోయి అంచుల్లో పెచ్చులుగా లేస్తోంది. ఒక పెద్దాయన ఆ పెచ్చుల్ని వేలితో చిదిమి కాగితంలో కట్టుకుంటున్నాడు. తలకి గుడ్డ కట్టుకోకుండా లోపలికి పోకూడదు. జేబులో రుమాలు ఉంచుకుంటే వెతుక్కునే పని ఉండదు.

వీళ్లెవరు? నెల్లూరులో ఎవర్ని అడిగినా ఒకే కథ చెబుతారు. 1751లో కొడవలూరు దగ్గర పోరు జరిగింది. మత ప్రచారానికి వచ్చిన పన్నెండు మంది అందులో చనిపోయారు. తలలు గండవరం దగ్గర తెగిపడ్డాయి. మొండేల్ని గుర్రాలు మోసుకొచ్చి ఈ చెరువు గట్టున ఆగాయి. ఆగినచోటే ఖననం చేశారు. ఎవరితో పోరాడారన్నది మాత్రం చెప్పేవాళ్లని బట్టి మారిపోతుంది. ఆ కాలం ఎలాంటిదో చూస్తే ఇందులో వింతేమీ లేదు. 1749లో ఆంబూరు యుద్ధంలో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ చనిపోయాడు. గద్దె కోసం ఆయన కొడుకు మహమ్మదలీకీ, చందాసాహెబుకీ పోరు మొదలైంది. ఒకరి వెనక ఇంగ్లీషువాళ్లు, ఇంకొకరి వెనక ఫ్రెంచివాళ్లు. 1751లోనే క్లైవ్ ఆర్కాటు కోటని పట్టుకున్నాడు. నెల్లూరు సీమ కూడా ఆ నవాబు కుటుంబం చేతి కిందిదే. అలాంటి ఏడాదిలో కొడవలూరు దారిలో ఏ దండు ఏ దండుతో తలపడినా నమ్మొచ్చు.

కథలో రెండో భాగం చెరువుది. బట్టలుతుకుతూ పొద్దుపోయిందని ఒక చాకలి జంట గట్టు మీదే పడుకున్నారట. అమరులు కలలో కనపడి, ఆర్కాటు నవాబు భార్య జబ్బుకి మా సమాధుల మట్టి నుదుటికి రాయమన్నారట. రాణికి నయమైంది. నవాబు దంపతులు వచ్చి మొక్కి, తెచ్చుకున్న రొట్టెల్లో కొన్ని తిని మిగతావి అక్కడున్నవాళ్లకి పంచారు. మట్టితో మొదలైంది రొట్టెతో ముగిసింది, మట్టి సంగతి మాత్రం ఇప్పుడు చాలామందికి గుర్తులేదు.

పండగకి పోయేవాళ్లు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మొత్తం అయిదు రోజులు. మొదటి రోజు సందల్ మాలి, సమాధుల్ని శుభ్రం చేసి గంధం పూస్తారు. రెండో రాత్రి కోటమిట్ట నుంచి పన్నెండు బిందెల గంధం ఊరేగింపుగా వస్తుంది. ఊపిరాడని తొక్కిడి ఆ రాత్రే. మూడో రోజు రొట్టెల పండగ, నాలుగో రోజు తహలీల్ ఫాతెహా అనే ప్రార్థనలు, అయిదో రోజు ముగింపు. పండగ మొహర్రం నెలలో వస్తుంది, అది చాంద్రమాన లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి వస్తుంది. 2024లో జులై 17న మొదలైంది, 2025లో జులై 6న. ముప్పైమూడేళ్లకి అన్ని రుతువులూ తిరిగొస్తుంది. నెల్లూరికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి చెరువులో నీళ్లు ఏ ఏడు ఎంత ఉంటాయో పండగ పడే నెలని బట్టి చూసుకోవాలి. నీళ్లు ఎక్కువుంటే పిల్లల్ని పై మెట్టు దాటనివ్వద్దు, నాచు పట్టిన మెట్టు జారితే లోతు తెలియదు.

రొట్టె కొనేది కాదు. స్నానం చేసి, తల మీద గుడ్డ వేసుకుని మోకాటి లోతు నీళ్లలో నిలబడాలి. కోరిక తీరినవాళ్లు రొట్టె పట్టుకుని పిలుస్తుంటారు. విద్య, ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఆరోగ్యం, సొంతిల్లు, ఒక్కోదానికి ఒక్కో రొట్టె. ‘వీసా రొట్టె ఉండాదా అన్నా?’ అని అడిగే కుర్రాళ్ల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. తీసుకున్నది తినాలి. కోరిక తీరాక ఆ పేరు రొట్టే ఇంట్లో చేసుకొచ్చి ఇంకొకరికివ్వాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మూడు నాలుగు రొట్టెలు తీసుకుని, ఏది ఎందుకో మర్చిపోతారు. తీసుకున్నప్పుడే రాసిపెట్టుకోవడం మేలు. నూనె ఎక్కువేసిన మెత్తటి రొట్టె నీళ్ల దగ్గర తడికి ముద్దైపోతుంది. పొడిగా కాల్చి, చల్లారాక గుడ్డలో చుట్టి తేవాలి. వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో పెడితే ఆవిరికే తడిసిపోతుంది. నేను చూసిన మెట్ల సందులో నానిన రొట్టె ముక్కొకటి ఇరుక్కుంది, చేపపిల్లలు చుట్టూ చేరి లాగుతున్నాయి. ఆ కోరిక ఎవరిదో.

కొడవలూరు ఉత్తరాన, విజయవాడ రైలు దారిలోనే. కథలో తలలు పడ్డ గండవరం అదే మండలం. దర్గా చూశాక అటు పోతేనే గుర్రాలు ఎంత దూరం నడిచాయో ఒంటికి తెలుస్తుంది, ఎండాకాలమైతే మరీ.

దక్షిణాన వెంకటాచలం మండలంలో ఇంకో రెండు సమాధులున్నాయి. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకి మనసు చెదిరినవాళ్లని తీసుకొస్తారు. గొలగమూడిలో ఉన్నది అవధూత వెంకయ్య స్వామి సమాధి. ఆయన 1982 ఆగస్టు 24న సమాధి పొందారు. కాగితం మీద వేలిముద్ర వేసి, దారం ఇచ్చి పంపేవారట. ‘ఓం నారాయణ ఆదినారాయణ’ అన్న నామం ఊరి మొదట్లోనే వినపడుతుంది. ఆగస్టులో ఆరాధన రోజుల్లో అక్కడ తోపులాట ఎక్కువ. ఒకే రోజులో రెండూ చూడాలంటే ముందు కసుమూరు, తర్వాత గొలగమూడి పెట్టుకోండి. శనివారమైతే మిగతా భక్తుల్లాగే రాత్రి నిద్రకి గొలగమూడిలోనే ఆగొచ్చు, చాప మాత్రం వెంట ఉండాలి.