సీజీఎల్ ఇంగ్లిష్‌లో అదనపు మాటలు పట్టుకోవడం: నా అనుభవం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం రాసే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ (టైర్-1)లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకి అర మార్కు కోత. వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టుకునే ప్రశ్నలంటేనే నాకు టెన్షన్. టెన్స్ తప్పితే చెవికి తెలిసిపోతుంది. ఒక మాట ఎక్కువైతే తెలియదు. ఎలా తెలుస్తుంది? 'రిటర్న్ బ్యాక్', 'కజిన్ బ్రదర్', 'ఏటీఎం మెషీన్' రోజూ మన చుట్టూ వినిపించేవేగా!

చిక్కడపల్లి లైబ్రరీలో పాత పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. కోచింగ్ నోట్సులో ఇలాంటివన్నీ పెద్ద జాబితాగా ఇచ్చారు కానీ బట్టీ పడితే పక్కరోజుకి సగం ఉండవు. అందుకని అనుమానం వచ్చిన మాటని వేలితో మూసి చదవడం మొదలుపెట్టాను. అర్థం చెక్కుచెదరకపోతే అది దండగ మాటే. 'ఎయిట్ ఏఎం ఇన్ ద మార్నింగ్'లో చివరి మూడు మాటలూ మూయండి, ఏమీ పోదు. 'రిపీట్ ఎగైన్', 'రిప్లై బ్యాక్' కూడా అంతే. ముందున్న 'రి'లోనే 'మళ్లీ', 'తిరిగి' అన్నవి ఉన్నాయి. అలాగని 'రి' కనబడగానే ఎగరకూడదు. 'రీడ్ ఎగైన్' నిక్షేపంగా ఉంది, అక్కడ 'రీ' ఉపసర్గ కాదు.

'డిస్కస్ అబౌట్' ఇంకా తేలిక, 'గురించి' అనేది డిస్కస్‌లోనే ఉంది. 'అన్‌లెస్' పక్కన 'నాట్' వస్తే మాత్రం జాగ్రత్త. అది దండగ మాట కాదు, అర్థాన్నే తిరగేస్తుంది. వేలితో మూసే పద్ధతి అక్కడ పనిచేయదు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

నన్ను బాగా తిప్పలు పెట్టినవి కోర్టు భాషలో ఒకే అర్థంతో జంటగా వచ్చే మాటలు. 'విల్ అండ్ టెస్టమెంట్' (వీలునామా)లో ఏది మూసినా అర్థం మారదు, అయినా తప్పు కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక అక్కడి కోర్టుల్లోకి ఫ్రెంచ్ వచ్చింది, లాటిన్ ఎలాగూ ఉంది. వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని 1362లో చట్టం చేసినా పాత మాటలు పోలేదు, ఇంగ్లిష్ మాటల పక్కనే జంటగా ఉండిపోయాయి. 'విల్' ఇంగ్లిష్‌ది, 'టెస్టమెంట్' లాటిన్ నుంచి వచ్చింది. ఇలాంటి జంటలు పలుకుబడిగా స్థిరపడ్డాయి కాబట్టి 'నల్ అండ్ వాయిడ్' (చెల్లదు) కనిపించినా దాన్ని వదిలేసి తప్పు వేరేచోట వెతుకుతున్నాను.

'ఈచ్ అండ్ ఎవ్రీ' దగ్గర మాత్రం పుస్తకానికో మాట. వాక్యంలో ఇంకే తప్పూ దొరక్కపోతే ఆ ప్రశ్నే వదిలేస్తున్నా. అర మార్కు ఊరికే రాదు కదా.