ఏకాదశి ఉపవాసమూ చక్కెర మాత్రలూ

న్యూజెర్సీలో కొడుకు దగ్గర స్థిరపడిన మా పెద్దత్తయ్యను ఆసుపత్రికి తీసుకువెళ్ళే పని ఈమధ్య నాకు పడింది. ఆవిడ ఏకాదశి నాడు ఏమీ తినరు, కానీ చక్కెర వ్యాధికి వాడే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం మానరు. ఆహారం లేకుండా ఆ మాత్ర వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉపవాసాల గురించి డాక్టరు అడగలేదు, పెద్ద డాక్టరుకు ఇంటి ఆచారాలు ఏకరువు పెట్టడం మర్యాద కాదని ఆవిడా చెప్పలేదు.

రంజాన్ ఉపవాసాలు పాటించే మధుమేహ రోగుల కోసం అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలే రూపొందించింది కనుక, భక్తిని మానుకోమనకుండానే మందు వేళలనూ మోతాదునూ సర్దవచ్చునన్నది వైద్యులకు కొత్త సంగతి కాదు. క్యాప్సూళ్ళ సంగతి మరొకటి: వాటి పైపొరలోని జెలటిన్ సాధారణంగా పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి తయారవుతుందని ఎవరో చెప్పగానే, శాకాహారి అయిన అత్తయ్య ఎవరికీ చెప్పకుండా వాటిని పక్కన పెట్టేశారు. అడిగితే ఫార్మసీవారు అదే మందును బిళ్ళ రూపంలో ఇచ్చారు.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది కొడుకు దుబాసీగా కూర్చోవడం. గర్భాశయ సమస్యను ఏ తల్లి కొడుకు నోట చెప్పించుకుంటుంది? అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు భాషాసహాయం ఉచితంగా అందించాలి. మనవాళ్ళు మొహమాటంకొద్దీ అడగరు, అంతే. ఈసారి ఫోనులో తెలుగు దుబాసీని, గదిలో మహిళా డాక్టరును కోరాము. అత్తయ్య ఏళ్ళుగా దాచుకున్న బాధను తానే చెప్పుకున్నారు. కార్తీక మాసపు ఉపవాసాల జాబితా కూడా డాక్టరు చేతిలో పెట్టారు.