పట్టాకు ఆనని చక్రం

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినోళ్లకు అలారం అక్కర్లేదు. యార్డులో బఫర్లు గుద్దుకునే చప్పుడు చాలు. మా బాపుది షంటింగ్ డ్యూటీ, అంటే యార్డులో బోగీలను అటూ ఇటూ జరిపి జత చేసే పని. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయినప్పుడల్లా నా కళ్లు చిత్తరంజన్‌లో తయారైన ఆ పొట్టి ఇంజన్ మీదే. డీజిల్ ఇంజనే, కానీ పక్కన బొగ్గింజన్ లాగే రాడ్లు. వాటికి తగిలించిన ఒక గుండ్రటి దిమ్మె పట్టాకు ఆనకుండా గాల్లోనే తిరిగేది.

"బాపూ, గా చక్రం కిందికి ఆనలేదేంది?"

"అది చక్రం గాదు బిడ్డా. ఇంజన్ బలం ముందు దానికే వస్తది. రాడ్డు తీసేస్తే చక్రాలు ఉత్తగనే ఉంటయి."

దాని పేరు జాక్‌షాఫ్ట్ అని తెలిసేసరికి నాకు నలభై దాటాయి. మొన్న మోకాలి నొప్పితో మంచం మీద పడి పాత బ్రిటిష్ ఇంజన్ల గురించి చదువుతుంటే మళ్లీ అదే దిమ్మె కనిపించింది.

యార్డులో బొగ్గింజన్ నడిచేదాని కంటే నిలబడేదే ఎక్కువ. ఊరికే నిలబడ్డా బొగ్గు తినాల్సిందే, ఫైర్‌మన్ ఉండాల్సిందే. అందుకే బ్రిటన్‌లోని ఎల్‌ఎంఎస్ (లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్) అనే రైల్వే కంపెనీ 1930ల మొదట్లో ఒక పాత బొగ్గింజన్ చట్రం మీదే డీజిల్ ఇంజన్ కూర్చోబెట్టి చూసింది. దాని పాత నంబరు 1831 కూడా మార్చలేదు! అది పెద్దగా పనికిరాక, చివరికి కరెంటు తయారుచేసే బండి అయింది. తర్వాత వేరే కంపెనీల ఇంజన్లు కొన్నారు. 1939-42 మధ్య డెర్బీ వర్క్‌షాప్‌లో సొంతంగా 40 కట్టారు: 350 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్, దాని కరెంటుతో తిరిగే ఒకటే మోటారు, దాని నుంచి జాక్‌షాఫ్ట్, అక్కడి నుంచి రాడ్లు. యుద్ధంలో సైన్యం పట్టుకుపోయినవాటిలో కొన్ని ఇటలీలోనే ఉండిపోయాయి.

ఆ తర్వాతి రకంలో మూడు ఇరుసుల్లో ముందు, వెనక వాటికే రెండు మోటార్లు పెట్టి జాక్‌షాఫ్ట్ ఎత్తేశారు. రాడ్లు మాత్రం ఉంచారు, నడిమి ఇరుసుకు మోటారు లేదు కదా. ఆ వరుసలోనే వచ్చిన క్లాస్ 08 ఇంజన్లు 1952-62 మధ్య 996 తయారయ్యాయి. కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఫోన్‌లో ఫోటో చూపిస్తే బాపు అద్దాలు పెట్టుకుని, వేళ్లతో పెద్దగా చేసి, ఒక మూల చాలాసేపు చూశాడు.

"మెట్టు ఇరుకుగున్నది. వానల నిలబడాలంటే కష్టమే" అన్నాడు.