మత్తు సూది మీద పడిన నింద

బాబు పుట్టిన ఆరు నెలలకి మొదలైంది నడుము నొప్పి. సిజేరియన్. ఇక చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "వెన్నుకి మత్తు సూది గుచ్చారుగా, జన్మంతా ఉంటుంది." నేనూ నమ్మాను. అప్పటికి నాకు 28 ఏళ్లు.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. పక్కకి తిరగాలంటే మంచం కోడు పట్టుకోవాలి. నిజానికి నొప్పి నడుములో కాదు, ఇంకాస్త కిందికి, పిరుదు లోపల. ఒకరోజు కుడివైపు, ఇంకోరోజు ఎడమ. లేచి అటూ ఇటూ తిరిగి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసరికి కాస్త వదిలేది. బడిలో నిలబడి పాఠం చెప్తే బాగానే ఉండేది. పేపర్లు దిద్దడానికి గంట కూర్చుంటే మాత్రం బల్ల పట్టుకుని లేవాలి. ఆదివారం కదా అని పడుకుంటే ఆరోజే ఎక్కువ! ఈ తిరకాసు ఏమిటా అని నాకెప్పుడూ తట్టలేదు.

మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీశారు, నార్మల్. ఒంట్లో వాపు ఉందేమో చూసే రక్త పరీక్షలు, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, అవీ నార్మలే. తర్వాత ఇంకోచోట నడుముకి ఎంఆర్ఐ తీస్తే డిస్క్ కొంచెం ఉబ్బిందన్నారు. బెల్టు, బెడ్ రెస్టు, బరువులెత్తొద్దు. రెస్ట్ తీసుకున్న ఆ మూడు వారాలంత నరకం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య మాత్రం పాపం గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు.

రెండేళ్లు ఇలాగే గడిచాయి. గుంటూరులో రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతాల డాక్టరు దగ్గరికి వెళ్లింది కూడా మడమ నొప్పి కోసం. ఆయన ఫైలు తెరవనే లేదు. "పడుకుంటే తగ్గుతుందా అమ్మా, తిరిగితే తగ్గుతుందా?" అన్నారు. అంతవరకూ నన్నెవరూ అడగని ప్రశ్న అది. "తిరిగితేనే సార్" అన్నాను. తర్వాత, "ఎప్పుడైనా ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయారా?" అన్నారు. నడుముకి కన్నుకి ఏం సంబంధమా అనుకున్నాను. బీఈడీ చదివేటప్పుడు ఎడమ కన్ను అలాగే అయింది. ముందు కండ్లకలక అనుకున్నాం గానీ కంటి డాక్టరు యువైటిస్, అంటే కంటి లోపలి పొర వాపు అని రాసి స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చారు. ఆ చీటీ పుట్టింట్లో ట్రంకుపెట్టెలో దొరికింది.

నన్ను నిలబెట్టి, నడుము దగ్గర పెన్నుతో ఒక గీత, దానికి సరిగ్గా 10 సెంటీమీటర్ల పైన ఇంకో గీత పెట్టించి, మోకాళ్లు మడవకుండా వంగమన్నారు. మామూలుగా ఆ దూరం 15 దాకా సాగాలట. నాది పదమూడున్నర దగ్గర ఆగిపోయింది.

ఈసారి ఎంఆర్ఐ నడుముకి కాదు, వెన్ను కటితో కలిసే శాక్రోఇలియాక్ జాయింట్లకి. తీసినవాళ్లు తప్పు తీశారని కాదు, నొప్పి ఒకచోట ఉంటే ఫోటో పక్కింటిది తీసినట్టయింది అంతే. రెండు వైపులా ఎముక లోపల వాపు కనిపించింది. ఇలాంటి జబ్బుతో ముడిపడిన జన్యువు కోసం చేసే రక్తపరీక్ష, హెచ్ఎల్ఏ-బీ27, పాజిటివ్.

అప్పుడు ఆయన కాగితం మీద రాసి చూపించారు. ఇలాంటి వెన్ను వాపు జబ్బుకి 1984 నాటి ప్రమాణాల ప్రకారం అయితే ఎక్స్‌రేలో కీలు దెబ్బతిన్నట్టు కనబడాలి, దానికి ఏళ్లు పడుతుంది. 2009లో ఆసాస్ అనే అంతర్జాతీయ బృందం జాబితా మార్చింది: 45 ఏళ్లలోపు మొదలై, 3 నెలలకి మించిన నడుము నొప్పి ఉండి, స్కాన్‌లో ఆ జాయింట్ల వాపుతోపాటు ఇంకొక్క లక్షణం ఉంటే చాలు. లేదా బీ27తోపాటు ఇంకో రెండు లక్షణాలు. కన్ను, మడమ, సోరియాసిస్, ఇంట్లో ఇంకెవరికైనా ఉండటం, నొప్పి మాత్రకి బాగా తగ్గడం, ఇలాంటివి.

"అయితే నాకు రెండు దారుల్లోనూ వచ్చేసింది" అన్నాను, పరీక్ష పాసైనట్టు. ఆయన నవ్వి, ఆ జాబితా పరిశోధనలకి పేషెంట్లని ఒక గుంపుగా చేర్చడానికి పెట్టింది, టిక్కులు లెక్కేసి జబ్బు పేరు పెట్టకూడదు అన్నారు. బీ27 ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏ జబ్బూ రాదు. కాన్పయిన కొన్ని నెలలదాకా ఆడవాళ్లకి ఆ జాయింట్లలో వాపు మామూలుగానే కనబడొచ్చు. నాకు కాన్పై రెండున్నరేళ్లు దాటింది, కన్ను మాట ఉంది, నొప్పి తీరు ఉంది. అన్నీ కలిపి చూశాకే యాక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్, అంటే వెన్ను, కటి కీళ్లలో వాపు వచ్చే జబ్బు అని రాశారు. ఎక్స్‌రేలో ఇంకా మార్పు రాని దశ.

ఇదివరకు నొప్పి భరించలేనప్పుడే మాత్ర వేసుకునేదాన్ని. ఈసారి కిడ్నీ, లివర్ పరీక్షలు చూసి రోజూ క్రమంగా వేసుకోమన్నారు. మూడో రోజు తెల్లవారుజామున మెలకువ రాలేదు. మాత్రలతో లొంగకపోతే వాపుని మూలంలోనే అడ్డుకునే బయోలాజిక్ ఇంజక్షన్లు ఉన్నాయట. దానికి ముందు టీబీ పరీక్ష చేయించాలి. ఇప్పటికి ఆ అవసరం రాలేదు. పొద్దున్నే బిగుసుకుపోవడం మాత్రం పావుగంట ఉంటుంది, బియ్యం కడిగే లోపల పోతుంది.

ఆ బెల్టు ఇప్పుడు అత్తయ్య కట్టుకుంటోంది. ఆవిడకి నిజంగానే డిస్క్.